మూలన పడ్డ బేస్ గిటార్‌ను మళ్లీ పలికించడం ఎలా: జాక్ నుంచి డీజే ట్రాక్ దాకా

పాలమూరు, నల్లగొండ వైపు బేస్ గిటార్ ఉన్న ఇల్లంటే ఎక్కువగా చర్చిలో వాయించేవాళ్లదో, ఒకప్పుడు పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాతో తిరిగినవాళ్లదో అయి ఉంటుంది. ఈ మధ్య మూడో రకం వాళ్లు కూడా తయారయ్యారు. ల్యాప్‌టాప్‌లో పాటలు తయారుచేసే ఎఫ్‌ఎల్ స్టూడియో సాఫ్ట్‌వేర్ పెట్టుకుని జానపదాలకు డీజే మిక్స్ చేస్తూ, "అన్నా, సాఫ్ట్‌వేర్‌లో వచ్చే ప్లగిన్ బేస్ ఏ పాటకైనా ఒక్కతీరే ఉంటుంది, అసలు గిటారే వాయిస్తే ఎట్లుంటది?" అని అడిగే తమ్ముళ్లు. అందరికీ వచ్చే చిక్కు ఒక్కటే. కీబోర్డు చెడిపోతే చూసేవాళ్లు ఎవరో ఒకరు జిల్లా కేంద్రంలో దొరుకుతారు, బేస్ చూసేవాళ్లు దొరకరు. కవర్లో పెట్టుకుని హైదరాబాద్ బస్సెక్కాలి, అక్కడ ఇచ్చి రావాలి, మళ్లీ పోయి తెచ్చుకోవాలి.

ఆ బస్సెక్కే ముందు ఇంట్లోనే చేసుకోగలిగింది చాలా ఉంది. షరతు ఒక్కటే, వరస తప్పకూడదు. శబ్దం బాగాలేదు అనగానే కొత్త పెడల్ (శబ్దం మార్చే కాలి పెట్టె) గురించో, కొత్త పికప్‌ల (తీగల కంపనాన్ని సిగ్నల్‌గా మార్చే భాగాలు) గురించో మాటలు మొదలవుతాయి. అవి పక్కన పెట్టండి. ముందు కేబుల్, ఆ తర్వాత జాక్ (కేబుల్ ప్లగ్ దూరే చోటు), బ్యాటరీ, పాట్లు (వాల్యూమ్, టోన్ నాబ్‌ల కింద తిరిగే భాగాలు), ఎర్తింగ్. ఇవన్నీ సరిగ్గా ఉన్నాయని తేలాక నెక్ (వేళ్లతో తీగలు నొక్కే పొడుగాటి భాగం) దగ్గరికి రండి. కంప్యూటర్ అన్నిటికంటే ఆఖరున. ఒకసారికి ఒక్కటే మార్చి, వాయించి విని, అప్పుడే రెండోదాన్ని ముట్టుకోండి. మూడు పనులు ఒకేసారి చేస్తే శబ్దం బాగుపడినా ఏ పనికి బాగుపడిందో తెలియదు.

ఏమేం దగ్గర పెట్టుకోవాలి

మామూలు డిజిటల్ మల్టీమీటర్ ఒకటి, బీప్ మోడ్ (రెండు చోట్లు కలిసి ఉంటే మోగేది) ఉన్నది. సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లది జాక్ పనికి సరిపోతుంది. పాట్ వీపు మీద సోల్డర్ పెట్టాలంటే మాత్రం 40 వాట్లది ఉంటే పని తొందరగా అవుతుంది. లోపల ఫ్లక్స్ ఉండే 60/40 సోల్డర్ తీగ అడగండి. అలెన్ కీల సెట్టు, 0.5 మి.మీ. గీతలున్న స్టీలు స్కేలు, ఫోన్లో ట్యూనర్ యాప్, ఎలక్ట్రానిక్ కాంటాక్ట్ క్లీనర్ డబ్బా కూడా కావాలి. క్లీనర్ ఎక్కడ కొనాలో మొబైల్ రిపేర్ చేసేవాళ్లను అడిగితే చెప్తారు.

ఇంకొకటుంది, దాన్ని మ్యూజిక్ షాపులో వెతక్కండి. నెక్ వంపు కొలవడానికి ఫీలర్ గేజ్ కావాలి. బైక్ మెకానిక్‌లు టాపెట్ సెట్టింగ్‌కు వాడే రేకుల గుత్తి అదే. ఆటోమొబైల్ స్పేర్ పార్టుల షాపులో దొరుకుతుంది. దాంట్లో 0.30 మి.మీ. రేకు ఉందో లేదో చూసి తీసుకోండి.

పాట్లు, జాకులు, కెపాసిటర్ల లాంటి విడిభాగాలు ఊళ్లో దొరక్కపోతే కోఠిలోని గుజరాతీ గల్లీ ఉంది. వేరే పని మీద హైదరాబాద్ వెళ్లినప్పుడే జాకులు రెండు ఎక్కువ తెచ్చి పెట్టుకోండి. అవి ఎప్పుడో ఒకప్పుడు పోయేవే.

గిటార్ విప్పకుండానే రోగం పట్టడం

ముందు కేబుల్. పక్కవాళ్ల దగ్గర బాగా పనిచేస్తున్న కేబుల్ తెచ్చి పెట్టి చూడండి. మీ కేబుల్‌ను రెండు చివర్లా మెల్లగా వంచుతూ వినండి. టక్‌టక్‌మంటే ప్లగ్ లోపల తీగ తెగినట్టే. అచ్చుపోసిన ప్లగ్ అయితే దాన్ని కోసేసి, స్క్రూ తీసి విప్పుకునే లోహపు ప్లగ్ వేయించుకోండి.

తర్వాత ప్లగ్‌ను గిటార్ జాక్‌లోనే అటూ ఇటూ కదిపి చూడండి. శబ్దం వస్తూ పోతూ ఉంటే తప్పు జాక్‌దే.

హమ్ (గుయ్‌మనే చప్పుడు) వస్తుంటే చేత్తో పట్టే పరీక్ష ఒకటుంది. ఆంప్ (ఆంప్లిఫయర్) ఆన్‌లో ఉంచి, వాల్యూమ్ సగం పెట్టి, తీగల మీద చెయ్యి వేయండి. చెయ్యి వేయగానే హమ్ తగ్గితే బ్రిడ్జ్ (గిటార్ ఒంటి మీద తీగలు ఆనే లోహపు భాగం) కింది ఎర్త్ వైరు బాగానే ఉంది. ఏ మార్పూ లేక, కేబుల్ ప్లగ్ లోహాన్ని ముట్టుకున్నప్పుడు మాత్రమే తగ్గితే ఆ బ్రిడ్జ్ వైరు ఊడిందని అర్థం. చెయ్యి వేస్తే హమ్ పెరిగితే జాక్ మీద హాట్ (సిగ్నల్ వచ్చేది), ఎర్త్ వైర్లు తారుమారయ్యాయి. ఇంతకు ముందు ఎవరో సోల్డరింగ్ చేసి ఇచ్చిన గిటార్లలో ఇది కనిపిస్తూ ఉంటుంది. ఈఎంజీ కంపెనీవి లాంటి, బ్యాటరీతో నడిచే కొన్ని యాక్టివ్ పికప్‌లున్న వాటిలో బ్రిడ్జ్‌కు ఎర్త్ వైరు కావాలనే ఇవ్వరు, వాటికి ఈ పరీక్ష పనికిరాదు.

జాజ్ బేస్ అనే మోడల్ తరహా గిటార్లో రెండు సింగిల్ కాయిల్ పికప్‌లు ఉంటాయి. రెండు వాల్యూమ్‌లూ పూర్తిగా పెడితే ఒకదాని హమ్‌ను ఇంకొకటి కొట్టేస్తుంది, ఒకటి తగ్గించగానే హమ్ మళ్లీ వస్తుంది. అది దాని తత్వం, విప్పి వెతకకండి.

ఇక నాకు అన్నిటికంటే ఇష్టమైన పరీక్ష. గిటార్‌కు కేబుల్ పెట్టి, రెండో చివరను ఆంప్‌కు పెట్టకుండా చేతిలో ఉంచుకోండి. మల్టీమీటర్‌ను 20కే ఓమ్స్ మీద పెట్టి, ఒక ప్రోబ్ ప్లగ్ కొన మీద, ఇంకొకటి ప్లగ్ ఒంటి మీద ఆనించండి. బ్యాటరీ లేని ప్యాసివ్ గిటార్లో వాల్యూమ్ పూర్తిగా పెడితే పికప్‌ను బట్టి సుమారు 7 నుంచి 12 కిలో ఓమ్స్ చూపిస్తుంది. జాజ్ బేస్‌లో రెండు పికప్‌లూ ఆన్‌లో ఉంటే అందులో సగం చూపిస్తుంది. వాల్యూమ్ సున్నా చేస్తే సున్నాకు రావాలి. వాల్యూమ్ పూర్తిగా ఉన్నా మీటర్ రేంజ్ దాటిపోతే లోపల ఏదో వైరు ఊడింది, లేదా పికప్ కాయిలే తెగింది. ఎప్పుడూ సున్నాయే చూపిస్తుంటే ఎక్కడో షార్ట్. ఒక్క స్క్రూ తీయకుండా ఇంత తెలుస్తుంది. యాక్టివ్ గిటార్లో మాత్రం ఈ అంకెలకు అర్థం ఉండదు.

కాయిలే తెగిందని తేలితే ఒక మాట. మన వైపు ఏ మండల కేంద్రానికి పోయినా బోరు మోటార్ల వైండింగ్ షాపు ఉంటుంది, దాంతో అక్కడికే తీసుకుపోదామనిపిస్తుంది. పికప్ తీగ మందం సుమారు 0.06 మి.మీ., వెంట్రుకంత. వేల చుట్లు చుట్టాలి. మోటార్ తీగతో, ఆ మిషన్‌తో అయ్యే పని కాదు. దానికి హైదరాబాద్ పోవాల్సిందే, లేదా పికప్ మార్చాల్సిందే.

జాక్ బాగుచేయడం

జాక్ ప్లేటు స్క్రూలు తీసి మెల్లగా బయటికి లాగండి. మొదట నట్టు చూడండి. నట్టు వదులై జాక్ మొత్తం తిరుగుతుంటే లోపలి వైర్లు మెలిక పడి తెగుతాయి. నట్టు బిగించేటప్పుడు లోపలి నుంచి జాక్‌ను వేళ్లతో కదలకుండా పట్టుకోండి.

ప్లగ్ పెడితే దాని కొనను పట్టుకునే పొడుగాటి రేకు ఒకటి కనిపిస్తుంది. ఏళ్ల తరబడి వాడాక ఆ రేకు బయటికి వంగిపోతుంది. ప్లగ్ తీసేసి, రేకును వేలితో ఒక వెంట్రుక వాసి లోపలికి వంచండి. కొనను తాకే చోటును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన గుడ్డతో తుడవండి. చాలా గిటార్లకు ఇంతటితోనే పని అయిపోతుంది.

వైరు తెగి ఉంటే సోల్డర్ చేయాలి. మోనో జాక్‌కు రెండు కాళ్లుంటాయి. పొడుగాటి రేకుకు కలిసేది హాట్, నట్టు ఉండే మర భాగానికి కలిసేది ఎర్త్. కంటికి తెలియకపోతే బీప్ మోడ్‌లో చూడండి. వైరు కొన ఒలిచి, మెలిపెట్టి, ముందే కొంచెం సోల్డర్ పట్టించండి. జాక్ కాలుకు కూడా అలాగే. తర్వాత రెండూ ఆనించి, ఐరన్‌తో అతుకును వేడిచేసి, సోల్డర్‌ను ఐరన్‌కు కాకుండా అతుకుకు తగిలించండి. కరిగి పాకాక ఐరన్ తీసి, గట్టిపడేదాకా వైరు కదపకండి. నున్నగా, మెరుస్తూ ఉంటే అతుకు పట్టినట్టు. గరుకుగా, ఉండగా ఉంటే మళ్లీ వేడి చేయండి. ప్లంబింగ్ పనికి వాడే యాసిడ్ ఫ్లక్స్ దగ్గరికి రానీయొద్దు, అది నెమ్మదిగా వైరును తినేస్తుంది. కిటికీ తీసి పెట్టుకోండి, పని అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కోండి, సోల్డర్‌లో సీసం ఉంటుంది.

యాక్టివ్ బేస్ జాక్‌కు మూడు కాళ్లుంటాయి. అది స్టీరియో శబ్దం కోసమని అనుకోకండి. మూడో కాలుకు 9 వోల్టుల బ్యాటరీ నల్ల వైరు వస్తుంది. ప్లగ్ పెట్టగానే దాని ఒళ్లు ఆ కాలును ఎర్త్‌తో కలుపుతుంది, అప్పుడే సర్క్యూట్ ఆన్ అవుతుంది. అంటే జాక్‌లో కేబుల్ ఉన్నంతసేపూ, మీరు వాయించినా వాయించకపోయినా, బ్యాటరీ అయిపోతూనే ఉంటుంది. ఆదివారం ఆరాధన అయ్యాక కేబుల్ తీయకుండా స్టాండు మీద పెట్టేసి పోతే కొన్ని ఆదివారాలకే శబ్దం గరగరలాడొచ్చు. అప్పుడు అందరూ ఆంప్‌ను తిడతారు. బ్యాటరీ వోల్టేజ్ 8 కన్నా కిందికి వస్తుంటే మార్చేయండి, ఆల్కలైన్ రకమే వేయండి. గిటార్‌ను నెలల పాటు ముట్టుకోరంటే బ్యాటరీ తీసి పక్కన పెట్టండి. కారిపోయిన బ్యాటరీ సర్క్యూట్ బోర్డును పాడు చేస్తుంది.

కొత్త జాక్ కొనేటప్పుడు యాక్టివ్ గిటార్‌కు మోనో జాక్ తెచ్చి వేయకండి. బ్యాటరీ నల్ల వైరుకు చోటు ఉండదు.

పాట్లు

వాల్యూమ్ తిప్పితే కరకరమంటోందా? వెనక మూత తీసి, పాట్ కాళ్ల దగ్గరున్న సందులోంచి కాంటాక్ట్ క్లీనర్ ఒక్క చుక్కపాటు కొట్టి, నాబ్‌ను ఈ కొస నుంచి ఆ కొసకు ఇరవై ముప్పై సార్లు తిప్పండి. ఆరేదాకా ఆగి వినండి. తలుపు బందులకు కొట్టే స్ప్రే మాత్రం వద్దు, దాని జిడ్డుకు దుమ్ము అంటుకుంటుంది.

క్లీనర్‌తో కుదరకపోతే పాట్ మార్చాలి. ప్యాసివ్ బేస్‌లలో ఎక్కువగా 250కే ఉంటుంది. పాత పాట్ మీద ఏముందో చదివి అదే అడగండి. ఏ250కే అని ఉంటే లాగ్, బీ250కే అని ఉంటే లీనియర్. వాల్యూమ్‌కు లీనియర్ వేసినా పనిచేస్తుంది గానీ, మార్పంతా ఒక కొసలోనే జరిగినట్టు చెవికి అనిపిస్తుంది. టోన్ కెపాసిటర్ మీద 473 అని ఉంటే అది 0.047 మైక్రోఫారడ్. ఖరీదైన ఆయిల్ కెపాసిటర్ వేస్తే శబ్దం మారుతుందని గిటార్ వాళ్లు గంటలు గంటలు వాదించుకుంటారు. విలువ ఒకటే అయినప్పుడు బేస్‌లో ఆ తేడా కోసం డబ్బు పెట్టడం దండగ అని నా అభిప్రాయం. ఆ డబ్బుతో మంచి కేబుల్ వస్తుంది.

ఎర్తింగ్: దీన్ని దాటవేయొద్దు

బేస్ తీగలు ఆంప్ ఎర్త్‌తో కలిసి ఉంటాయి. పాడేవాళ్ల మైక్ మిక్సర్ ఎర్త్‌తో కలిసి ఉంటుంది. రెండూ వేర్వేరు సాకెట్ల నుంచి, అందులో ఒక సాకెట్‌కు ఎర్త్ లేకుండా వస్తే, తీగల మీద చెయ్యి ఉంచి మైక్‌కు పెదవి తాకించినవాడికి షాక్ కొడుతుంది. పందిళ్లలో, ఫంక్షన్ హాళ్లలో, జనరేటర్ మీద నడిచే స్టేజీల మీద ఇది నిజమైన ప్రమాదం.

వాయించే ముందు అన్నీ ఆన్ చేసి, మల్టీమీటర్‌ను ఏసీ వోల్ట్స్ మీద, పెద్ద రేంజ్‌లో పెట్టండి. ఒక ప్రోబ్ బేస్ బ్రిడ్జ్ మీద, రెండోది మైక్ జాలీ మీద. దాదాపు సున్నా రావాలి. పదుల్లో వోల్టులు చూపిస్తే వాయించొద్దు. ముందు అన్ని పరికరాలూ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డు నుంచి, మూడు పిన్నులతో వచ్చేలా చూడండి. అప్పటికీ తగ్గకపోతే ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. సాకెట్‌లో ఫేజ్‌కు, ఎర్త్‌కు మధ్య 230 వోల్టులు చూపించినంత మాత్రాన ఎర్త్ బలంగా ఉన్నట్టు కాదు, దాన్ని లోడ్ పెట్టి చూడటం ఎలక్ట్రీషియన్ పని. మన ఎర్ర నేలల్లో, ఎండాకాలంలో, ఎర్త్ గొయ్యి బాగా ఎండిపోయి ఉంటే దాని పట్టు తగ్గుతుంది. గొయ్యిలో నీళ్లు పోయమని పాత ఎలక్ట్రీషియన్‌లు చెప్పేది ఊరికే కాదు. 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరాను తెంచే స్విచ్) ఒకటి రిహార్సల్ గదికి పెట్టించుకుంటే ఇంకా మంచిది.

హమ్ తగ్గుతుందని ఆంప్ ప్లగ్ ఎర్త్ పిన్ను విరగ్గొట్టేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. నిజమే, హమ్ తగ్గుతుంది. అదే దాని ప్రమాదం కూడా, పని అయిందనుకుని ఎవరూ మళ్లీ చూడరు. ఆంప్, మిక్సర్ మధ్య ఎర్త్ లూప్ (ఎర్త్‌కు రెండు దారులు ఏర్పడటం) వల్ల హమ్ వస్తుంటే డీఐ బాక్స్ (గిటార్ సిగ్నల్‌ను మిక్సర్‌కు అందించే చిన్న పెట్టె) పెట్టి, దాని మీదున్న గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్ నొక్కండి. అది సిగ్నల్ దారిలో మాత్రమే ఎర్త్‌ను తెంచుతుంది, కరెంటు ఎర్త్‌ను ముట్టదు.

ల్యాప్‌టాప్‌కు రెండు పిన్నుల చార్జర్ పెట్టి రికార్డింగ్ చేస్తుంటే తీగల మీద చిమచిమ అనిపించడం, సన్నగా ఈల లాంటి చప్పుడు రావడం మామూలే. చార్జర్ తీసి బ్యాటరీ మీద నడిపి చూడండి. పోయిందంటే కారణం దొరికినట్టే, మూడు పిన్నుల చార్జర్ వాడండి.

నెక్, తీగలు, ఎత్తు

ఈ పని ఎప్పుడూ ఇదే వరసలో చేయాలి: కొత్త తీగలు, ట్యూనింగ్, నెక్ వంపు, తీగల ఎత్తు, ఇంటోనేషన్ (నెక్ పొడవునా స్వరం సరిగ్గా పలికేలా సర్దడం), ఆఖరున పికప్ ఎత్తు. మధ్యలోది ముందు చేస్తే మళ్లీ మొదటికి వస్తారు.

తీగల సెట్టు 45 నుంచి 105 దాకా (మందం, అంగుళంలో వెయ్యో వంతుల లెక్క) ఉండేది మామూలు నాలుగు తీగల బేస్‌కు సరిపోతుంది. కొత్తది కొనే దాకా పాత తీగలను ఉడకబెట్టి కొన్నాళ్లు నడిపించే పద్ధతి బేస్ వాళ్లందరికీ తెలుసు. పది నిమిషాలు మరిగే నీళ్లలో వేస్తే చుట్ల మధ్య పేరుకున్న చెమట, మురికి వదిలి, తీగ మళ్లీ కొన్ని రోజులు గణగణ మోగుతుంది. ఇక్కడొక జాగ్రత్త: మన బోరు నీళ్లు వాడకండి. సున్నం ఎక్కువున్న నీళ్లలో మరిగిస్తే టీ గిన్నె అడుగున పట్టే తెల్లని పొరే తీగ చుట్ల మధ్య కూడా పడుతుంది. క్యాన్‌లో వచ్చే ఫిల్టర్ నీళ్లు పోయండి, తీశాక గుడ్డతో తుడిచి పూర్తిగా ఆరనివ్వండి. పైన పూత ఉన్న కోటెడ్ తీగలను ఉడకబెట్టొద్దు.

ట్యూన్ చేశాక అన్నిటికంటే లావైన ఇ తీగను మొదటి ఫ్రెట్ (నెక్ మీది అడ్డ లోహపు పట్టీ) దగ్గర ఒక చేత్తో, నెక్ ఒంటితో కలిసే చోటి ఫ్రెట్ దగ్గర ఇంకో చేత్తో నొక్కండి. ఇప్పుడు ఏడో, ఎనిమిదో ఫ్రెట్ మీద తీగకు, ఫ్రెట్‌కు మధ్య సందు ఎంతుందో ఫీలర్ గేజ్‌తో చూడాలి. 0.30 మి.మీ. రేకు తీగను లేపకుండా దూరి, అటూ ఇటూ ఆడకుండా ఉంటే చాలు. చేతులు సరిపోవు కాబట్టి పక్కన ఒకరు ఉండాలి, లేదా మొదటి ఫ్రెట్‌కు కేపో (తీగలను నొక్కి పట్టే క్లిప్పు) పెట్టాలి.

సందు ఎక్కువుంటే నెక్ లోపల వంపు సర్దే కడ్డీ అయిన ట్రస్ రాడ్‌ను గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పండి, తక్కువుంటే దానికి ఎదురు. ఒకసారికి పావు చుట్టు మించొద్దు. తిప్పిన ప్రతిసారీ మళ్లీ ట్యూన్ చేసి కొలవండి. అలెన్ కీ సైజు గిటార్‌ను బట్టి మారుతుంది, కచ్చితంగా పట్టే కీ మాత్రమే వాడండి. వదులు కీతో తిప్పితే లోపలి అంచులు అరిగి, ఆ గిటార్‌కు మళ్లీ నెక్ సర్దే దారి ఉండదు. చేతికి బాగా గట్టిగా అనిపిస్తే అక్కడే ఆపేయండి. కాయిల్ తెగినప్పటిలాగే ఇది కూడా నిజంగా హైదరాబాద్ పంపాల్సిన సందర్భం.

తర్వాత ఎత్తు. 12వ ఫ్రెట్ మీద, ఫ్రెట్ పైనుంచి తీగ అడుగు దాకా ఇ తీగకు 2.5 మి.మీ., అన్నిటికంటే సన్నదైన జి తీగకు 2 మి.మీ. దగ్గర పెట్టి మొదలుపెట్టండి. గట్టిగా కొట్టే చెయ్యి అయితే కొంచెం పెంచుకోండి.

తీగ చిరచిరలాడుతుంటే ఎక్కడ అన్నదే ముఖ్యం. మొదటి నాలుగైదు ఫ్రెట్లలోనే అయితే నెక్ వంపు చాలలేదు. పై ఫ్రెట్లలో అయితే తీగ ఎత్తు చాలలేదు. ఏ ఫ్రెట్టూ నొక్కకుండా వాయించినప్పుడు మాత్రమే అయితే నట్ (నెక్ పైకొసన తీగలు ఆనే పట్టీ) గాడి లోతైంది. ఒకే చోట అయితే దానికి బ్రిడ్జ్ వైపున్న తర్వాతి ఫ్రెట్ లేచింది. జి తీగ మీద ఐదు నుంచి ఏడో ఫ్రెట్ మధ్య ఏదో ఒక స్వరం తొందరగా చచ్చిపోతుంటే మాత్రం బెంగపడకండి. నెక్‌ను బోల్టులతో బిగించిన బేస్‌లలో అది మామూలు, చెక్క కంపనం వల్ల వచ్చేది.

ఇంటోనేషన్ సులువు. 12వ ఫ్రెట్ మీద హార్మోనిక్ (తీగను నొక్కకుండా తాకి వాయించే స్వరం), తర్వాత అక్కడే నొక్కి వాయించిన స్వరం, రెండూ ట్యూనర్‌లో చూడండి. నొక్కినది ఎక్కువ చూపిస్తే సాడిల్‌ను (బ్రిడ్జ్ మీద ఆ తీగ ఆనే ముక్క) వెనక్కి జరపండి, తక్కువ చూపిస్తే ముందుకు.

మే నెలలో ఎండకు ఫింగర్ బోర్డు చెక్క కుంచించుకుపోయి ఫ్రెట్ల కొసలు చేతికి గీసుకుంటాయి. మాస్కింగ్ టేపు అతికించి సన్న ఆకురాయితో కొసలను మాత్రం నునుపు చేయొచ్చు. పూత లేని రోజ్‌వుడ్ బోర్డు అయితే ఏడాదికి ఒకటి రెండు సార్లు మినరల్ ఆయిల్ నాలుగు చుక్కలు రాసి తుడవండి. ఇంట్లో ఉంది కదా అని వంటనూనె, కొబ్బరినూనె రాయొద్దు, జిగురు కడతాయి. రేకుల షెడ్డులో, ఎండలో ఆపిన కారు డిక్కీలో బేస్ వదిలేయొద్దు. వానాకాలం మొదలయ్యాక ఒకసారి, ఎండలు ముదిరాక ఒకసారి నెక్ వంపు కొలిస్తే సరిపోతుంది.

కంప్యూటర్‌లోకి తీసుకెళ్లడం

ల్యాప్‌టాప్ మైక్ రంధ్రంలో నేరుగా పెడితే బేస్ మూగగా వస్తుంది. ప్యాసివ్ పికప్‌కు ఒక మెగా ఓమ్ దగ్గరలో ఉండే ఇన్‌పుట్ కావాలి. ఆడియో ఇంటర్‌ఫేస్ (గిటార్‌ను కంప్యూటర్‌కు కలిపే పెట్టె) మీద ఇన్‌స్ట్ (Inst) అనో, హై-జీ (Hi-Z) అనో ఉండే బటన్ అందుకే. దాన్ని నొక్కడం మరిచిపోయి, గిటార్ డల్‌గా ఉందని పికప్ మార్చేద్దామనుకునేవాళ్లు ఉన్నారు. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ పెట్టి, గట్టిగా కొట్టినప్పుడు మీటర్ మైనస్ 10 డెసిబెల్స్ దగ్గర ఆగేలా గెయిన్ (లోపలికి వచ్చే శబ్దం మోతాదు) సర్దండి. బఫర్ (కంప్యూటర్ ఒకసారికి తీసుకునే శబ్దం ముక్క) 128 శాంపిల్స్ దగ్గర ఉంటే దానివల్ల వచ్చే ఆలస్యం 3 మిల్లీసెకన్ల లోపే, చేతికి తెలియదు. కంప్యూటర్ తట్టుకోక టప్‌టప్‌మంటే 256 చేయండి.

ఎఫెక్టులు లేకుండా శుభ్రంగా రికార్డు చేయండి. తర్వాత ఆ ట్రాక్‌ను రెండుగా కాపీ చేయండి. మొదటి కాపీలో 120 హెర్ట్జ్ పైనంతా కోసి, కంప్రెసర్ (గట్టి, మెల్లని దెబ్బల తేడా తగ్గించేది) పెట్టి, మోనోలో మధ్యలో ఉంచండి. రెండో కాపీలో 120 కిందంతా కోసి, డిస్టార్షన్, ఫిల్టర్, కోరస్, ఏం ఆడుకున్నా దీంట్లోనే ఆడుకోండి. పెద్ద బాక్సుల మీద పునాది చెదరకుండా పైన ఎంత అల్లరైనా చేయొచ్చు.

సింథ్ (సింథసైజర్) లాంటి బేస్ కావాలంటే ఆక్టేవ్ ఎఫెక్ట్ (వాయించిన స్వరానికి ఒక స్థాయి కింది స్వరం కలిపేది) వాడండి. 1982లో బాస్ (Boss) కంపెనీ తెచ్చిన ఓసీ-2 పెడల్ ఈ పనికి ఇప్పటికీ పేరున్నది, దాన్ని అనుకరించే ప్లగిన్‌లు కూడా ఉన్నాయి. ఒకసారికి ఒకే స్వరం వాయించండి, నెక్ వైపు పికప్ పెట్టి టోన్ తగ్గించండి, ఐదో ఫ్రెట్ పైనే తిరగండి. కింది ఇ అంటేనే 41 హెర్ట్జ్, దానికి ఇంకో ఆక్టేవ్ కింద ఏమీ వినపడదు, ఎఫెక్ట్ కూడా తడబడుతుంది. దాని వెనక లో-పాస్ ఫిల్టర్ (పై శబ్దాలను కోసేది) పెట్టి, ఎన్వలప్‌తో (ప్రతి స్వరంతో పాటు ఫిల్టర్‌ను కదిపేది) తెరుచుకుని మూసుకునేలా చేస్తే వేళ్లతో వాయించిన సింథ్ వస్తుంది.

ఇక్కడ ఒక తమాషా కథ. రోలండ్ కంపెనీ 1981లో టీబీ-303 అనే చిన్న పెట్టె తెచ్చింది. పక్కన బేస్ వాయించేవాళ్లు లేని గిటారిస్టుల లోటు తీర్చడానికి. అది బేస్ గిటార్‌లా ఏమాత్రం పలకలేదు, అమ్ముడూ పోలేదు, 1984కల్లా ఆపేశారు. చౌకగా చేతికొచ్చిన ఆ పెట్టెల నుంచే తర్వాత చికాగో కుర్రాళ్లు యాసిడ్ హౌస్ అనే డ్యాన్స్ సంగీతాన్ని పుట్టించారు. వాళ్లకంటే ముందే, 1982లో, బొంబాయి సినిమా ఆర్కెస్ట్రాల్లో వాయించిన చరణ్‌జీత్ సింగ్ అదే పెట్టె మీద హిందుస్తానీ రాగాలతో రికార్డు చేశాడు. బేస్ గిటార్ వాళ్లకు, ఆ మెషీన్ వాళ్లకు మధ్య తగాదా పెట్టేవాళ్లకు ఈ సంగతి చెప్పండి.

మన పాటల దగ్గరికి వస్తే, తీన్మార్ దరువు మీద పనిచేసేటప్పుడు ముందు ప్రాజెక్టు గ్రిడ్‌ను ట్రిప్లెట్‌కు (ఒక దెబ్బను మూడుగా పంచేది) మార్చండి. నాలుగు భాగాల గ్రిడ్ మీద బేస్‌ను లాగి సర్దితే దరువు కుంటుతుంది. డప్పు కొట్టే ప్రతి దెబ్బకూ బేస్ కొట్టకండి, దెబ్బల మధ్య ఖాళీ ఉంటేనే డప్పు వినపడుతుంది. నిజానికి నాలుగు స్వరాల లైను వాయించి, పొడవులు సరిగ్గా కోయడమే సగం పని. ఎక్కడ మొదలైందన్నదానికంటే స్వరం ఎక్కడ ఆగిందన్నదే డ్యాన్స్ పాటలో ఎక్కువ తెలుస్తుంది.

కిక్ (డ్రమ్స్‌లో ధబ్‌మనే కింది దెబ్బ), బేస్ ఒకే చోట కూర్చుంటే రెండూ పోతాయి. పాట జి లో ఉంటే బేస్ పునాది 49 హెర్ట్జ్. అప్పుడు కిక్ బలాన్ని 60, 70 హెర్ట్జ్ వైపు జరపండి. ఎ లో, 55 దగ్గర ఉంటే కిక్‌ను ఇంకా కిందికి తేవచ్చు. సైడ్‌చెయిన్ పెట్టి కిక్ పడ్డప్పుడు బేస్ కొంచెం వంగేలా చేయండి, రిలీజ్ (వంగిన బేస్ మళ్లీ లేవడానికి పట్టే సమయం) 100 నుంచి 150 మిల్లీసెకన్లతో మొదలుపెట్టి చెవితో సర్దుకోండి. 30 హెర్ట్జ్ కిందంతా కోసేయండి, అది ఆంప్ శక్తిని తినడం తప్ప ఏమీ చేయదు.

మీ పాటను ఎక్కువమంది వినేది ఫోన్లో. ఫోన్ స్పీకర్లో అంత కిందివి రానే రావు. రెండో కాపీలో కొంచెం శాచురేషన్ (మెత్తని డిస్టార్షన్) వేస్తే పై హార్మోనిక్స్ పుడతాయి, వాటిని విని చెవి కింది స్వరాన్ని తనే ఊహించుకుంటుంది. ఫోన్లో బేస్ లైను పాడుకోగలిగేంత వినపడేదాకా దాన్ని పెంచండి.

ట్రాక్‌ను డీజేకు ఇచ్చేటప్పుడు ఎంపీ3 కాకుండా వేవ్ ఫైల్ ఇవ్వండి, పైన 3 నుంచి 6 డెసిబెల్స్ ఖాళీ వదలండి. ఆయన బాక్సుల మీద సబ్‌లకు (కింది శబ్దం బాక్సులు), టాప్‌లకు (పై శబ్దం బాక్సులు) మధ్య క్రాసోవర్ (శబ్దాన్ని విడగొట్టే చోటు) ఎక్కడ పెట్టాడో అడిగి రాసుకోండి. అది 100 హెర్ట్జ్ అయితే మీ రెండు కాపీలను కూడా 120 దగ్గర కాకుండా 100 దగ్గర విడగొట్టి, ఊరేగింపు రోజుకు ముందే ఆ బాక్సుల మీద ఒకసారి మెల్లగా, ఒకసారి గట్టిగా పెట్టి వినండి. గట్టిగా పెట్టినప్పుడు బేస్ ఉబ్బి కిక్‌ను మింగేస్తుంటే మొదటి కాపీని రెండు డెసిబెల్స్ తగ్గించి కొత్త ఫైల్ ఇచ్చేయండి.